అరుదైన ఇంటిపేరు: మూలం వెతికి, మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతి

ఇంటిపేరు ఊళ్లో ఉండగా పుట్టదు, ఊరు దాటాక పుడుతుంది. వేమూరులో కాపురమున్నంత కాలం ఒక కుటుంబాన్ని వేమూరి వారనాల్సిన పని ఎవరికీ ఉండదు, అక్కడ అందరూ వేమూరు వాళ్లే. ఆ ఇంటి మనిషి ఏరు దాటి ఇంకో ఊళ్లో స్థిరపడ్డాకే, అక్కడివాళ్లు ఆనవాలు కోసం 'వేమూరి వాళ్లు' అంటారు. ఇంటిపేరు మూలం వెతికేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. పేరులో కనిపించిన ఊరికి వెళ్లి, అక్కడ ఆ ఇంటిపేరు వాళ్లు ఒక్కరూ కనిపించక నిరాశతో తిరిగొస్తారు. కనిపించకపోవడమే సహజం. ముందు వెతకాల్సింది ఆ పేరు వాళ్లు ఇప్పుడు నాలుగిళ్లు కలిసి ఉన్న ఊళ్లను. తర్వాత వాటిలో అన్నిటికన్నా పాతది ఏదో తేల్చాలి. అక్కడికి వాళ్లు ఎటునుంచి వచ్చారో పట్టుకుంటే, పేరులోని ఊరు ఆ దారి చివర దానంతటదే తగులుతుంది.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాం. సెలవు రోజుల్లో చేసుకుంటూ పోతే కొన్ని నెలలు పడుతుంది. కావాల్సినవి రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి, పాత కాగితాలు ఫొటో తీయడానికి ఫోను, ఓపిక.

పేరును విడగొట్టండి

మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊరి పేర్లే. అయితే ఊరి పేరు ఉన్నదున్నట్టు రాదు, 'ఆ ఊరి' అనే అర్థమిచ్చే రూపంలోకి మారుతుంది. ఊరు 'ఊరి' అవుతుంది: కొల్లూరు కొల్లూరి, వేటూరు వేటూరి. పాడు 'పాటి' అవుతుంది: యడ్లపాడు యడ్లపాటి. వీడు 'వీటి' అవుతుంది: కొండవీడు కొండవీటి. కొలను 'కొలని' అవుతుంది. పల్లి, పూడి, మూడి, గడ్డ, లంక మారవు. ఉండవల్లి, వడ్లమూడి, దుగ్గిరాల, తెనాలి ఊరికీ ఇంటిపేరుకూ ఒకే రూపం. కాబట్టి మీ ఇంటిపేరు చివర 'పాటి' ఉంటే 'పాడు' కోసం వెతకాలి, 'పాటి' కోసం కాదు. పటంలో 'పాటి' అని వెతికి లేదనుకునేవాళ్లు చాలామంది.

చివర 'నేని' ఉంటే అది ఊరు కాదు, మనిషి. నేని అనేది నాయుడికి మారురూపం. వీరమాచినేని అంటే వీరమాచి నాయుడి వంశం. బోయిన, శెట్టి, రాజు కూడా ఇంచుమించు అంతే, ముందున్నది మూలపురుషుడి పేరు. ప్రగడ అంటే ఒకప్పుడు మంత్రి, అధికారి. భట్ల, సోమయాజుల, అవధానుల వంటివి చదువునూ చేసిన క్రతువునూ చెబుతాయి. చెట్లు, జంతువులు, పనిముట్లు, శరీర లక్షణాల మీద వచ్చిన పేర్లూ ఉన్నాయి. ఇలాంటి పేరుకు పటంలో ఊరు వెతకడం వృథా. నేరుగా కాగితాల దగ్గరికి వెళ్లండి. చౌదరి, రెడ్డి, నాయుడు అని పేరు చివర పెట్టుకునేవి ఇంటిపేర్లు కావు. వాటిని లెక్కలోకి తేవద్దు.

ఊరి పేరే అని తేలినా, ఏ ఊరు? ప్రత్తిపాటి తీసుకోండి. గుంటూరుకు దక్షిణాన ప్రత్తిపాడు ఉంది, కాకినాడ జిల్లాలోనూ ప్రత్తిపాడు ఉంది. రెండూ పేరున్న ఊళ్లే. ఇంటిపేరు ఒక్కదాన్ని చూసి ఏది మీదో చెప్పలేం. తేల్చేది గోత్రం, ఇలవేల్పు, పాత చుట్టరికాలు. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో, వేర్వేరు గోత్రాలతో కనిపించడం మామూలు. ఒక ఊరి నుంచి వేర్వేరు కులాల వాళ్లు వలసపోతే అందరికీ ఆ ఊరి పేరే అంటుకుంటుంది. అందుకే మీ లెక్కకు కొలమానం ఇంటిపేరు ఒక్కటే కాదు, ఇంటిపేరూ గోత్రమూ కలిపి. గోత్రం పాటించని కుటుంబాలైతే ఇంటిపేరూ, మొక్కుబడులు తీర్చే చోటూ కలిపి.

ఊరే కనిపించకపోతే అది పాడుపడి ఉండొచ్చు. రెవెన్యూ లెక్కల్లో జనం లేని ఊరిని బేచిరాకు గ్రామం అంటారు. దానికి సర్వే నంబర్లుంటాయి, ఇళ్లుండవు. కొన్ని ఊళ్లు పక్క ఊరికి శివారుగా కలిసిపోయాయి. పొలాల పేర్లు అడగండి. పాటిదిబ్బ, పాటిమీద పొలం అనే మాటలు పాత జనావాసానికి గుర్తులు. రైతులు ఎరువుకోసం పాటిమన్ను తవ్వుకునేది అక్కడే. ఇంటిపేరు అరుదు కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి: ఊరు చిన్నది, అక్కడినుంచి బయల్దేరినవాళ్లు తక్కువ, తర్వాత ఊరే పోయింది.

ఇంట్లో ఉన్న కాగితం

ఆఫీసుల చుట్టూ తిరగడానికి ముందు చదివింపుల పుస్తకాలు వెతకండి. ఇంతకన్నా మంచి ఆధారం మరొకటి లేదు, దీన్ని పట్టించుకునేవాళ్లూ లేరు. పెళ్లిలో వరసకు కూర్చుని రాసిన పొడుగాటి నోటుపుస్తకం, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు, పైన 'శ్రీరామ'. కింద ఒక్కో వరసలో ఇంటిపేరు, పేరు, ఊరు, చివర 116. 1957కు ముందువైతే అణాలూ కనిపిస్తాయి. రాసినవాళ్లు చదివించినవాళ్లను చూసి, అడిగి రాశారు కాబట్టి ఊరి పేరు తప్పుపోయే అవకాశం తక్కువ. మీ ఇంటిపేరున్న వరసలన్నీ ఏరి, ఎదురుగా ఉన్న ఊళ్ల పేర్లు రాసుకోండి. ఒకే ఊరు మూడు పెళ్లిళ్లలో వస్తే అక్కడ మీవాళ్ల గుంపు ఉందన్నమాట. పెద్దకర్మ కార్డులు, పాత శుభలేఖలు కూడా ఇదే పనికి వస్తాయి.

తర్వాత అడగాల్సింది ఆడపడుచుల్ని. మేనత్తలు, నాయనమ్మ తోబుట్టువులు పుట్టింటి సంగతులు మగవాళ్లకన్నా బాగా గుర్తుపెట్టుకుంటారు. 'మన మూలం ఏంటి పిన్నీ?' అంటే జవాబు రాదు. 'మీ చిన్నప్పుడు పొంగళ్లు పెట్టడానికి ఏ ఊరు వెళ్లేవాళ్లు? మైలకబురు ఏ ఊళ్లకు పంపేవాళ్లు? పురిటి స్నానానికి ఏ ఊరు బంధువులు వచ్చేవాళ్లు?' అని అడగాలి. మైలపట్టే ఊళ్ల జాబితా అంటే దాయాదుల జాబితాయే. తద్దినం పెట్టే ఇళ్లలో పురోహితుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెప్పిస్తాడు. పాత పురోహితుల నోటుపుస్తకాల్లో యజమానుల గోత్రమూ ఆ పేర్లూ రాసి ఉంటాయి.

కొన్ని కులాలకు వంశచరిత్ర చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. రెడ్లకూ కమ్మవారికీ పిచ్చిగుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు. ఏ ఊళ్లు ఎవరి మిరాశీయో, అంటే వంశపారంపర్య హక్కో, వాళ్లలో వాళ్లకు పంపకం ఉంటుంది. మీ పాత ఊరి మిరాశీ ఉన్న కుటుంబాన్నే కలవాలి, వేరే కుటుంబం చెప్పింది మీది కాదు. వాళ్లు చెప్పే ఇంటిపేరు, గోత్రం, ఊళ్ల వరస శ్రద్ధగా రాసుకోండి. రాజుల పేర్లూ యుద్ధాలూ వచ్చే భాగం కథ. దాన్ని గౌరవంగా వినండి, ఆధారాల పట్టికలో మాత్రం చేర్చకండి. వాళ్ల సమయానికీ విద్యకూ తగిన సంభావన ఇవ్వడం మన బాధ్యత.

జిల్లా సరిహద్దులు తెలియకపోతే కాగితం దొరకదు

గుంటూరు జిల్లా 1859లో రద్దయి, 1904 అక్టోబరు 1న మళ్లీ ఏర్పడింది. ఆ 45 ఏళ్లూ గుంటూరు ప్రాంతపు ఊళ్లలో చాలావాటి కాగితాలు కృష్ణా జిల్లా పేరుమీద ఉంటాయి. 1883లో అచ్చయిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో గుంటూరు సంగతులు ఉండటానికి కారణం అదే. 1904లో ఒంగోలు తాలూకా నెల్లూరు నుంచి గుంటూరుకు వచ్చింది, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాలు విడివడ్డాయి. నోటుపుస్తకంలో ప్రతి ఊరికీ మూడు గళ్లు గీయండి: పాత తాలూకా, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా. దరఖాస్తు ఏ ఆఫీసుకు ఇవ్వాలో ఆ గళ్లే చెబుతాయి.

భూమి లెక్కల్లో మొదట అడగాల్సింది రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. ఆర్‌ఎస్‌ఆర్ అన్నా, డైగ్లాట్ అన్నా ఇదే. తెలుగూ ఇంగ్లిషూ రెండింట్లో ఉండటంతో దానికి ఆ పేరు. ఊళ్లో ప్రతి సర్వే నంబరుకూ బ్రిటిష్ కాలపు పట్టాదారు పేరు ఉంటుంది. తహశీల్దారు ఆఫీసులో, లేకపోతే కలెక్టరేట్ రికార్డు రూములో నకలు అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము గ్రామస్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 'మా వంశం వివరాలు కావాలి' అని రాస్తే తిరస్కరిస్తారు. 'ఫలానా గ్రామం ఆర్‌ఎస్‌ఆర్‌లో ఫలానా సర్వే నంబర్ల పేజీల నకలు' అని రాయాలి.

జమీందారీ గ్రామమైతే ఆర్‌ఎస్‌ఆర్ ఆశించొద్దు. నూజివీడు, చల్లపల్లి వంటి ఎస్టేట్లలో రైతువారీ పట్టాలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే వచ్చాయి, కాబట్టి సెటిల్‌మెంట్ అడంగల్ (సర్వే నంబర్ల వారీ భూమి లెక్క) అడగాలి. ఈనాం భూములకు, అంటే సేవకో దానంగానో ఇచ్చిన భూములకు, ఈనాం ఫెయిర్ అడంగల్ వేరే ఉంటుంది. 1858లో మొదలైన ఈనాం కమిషన్ రిజిస్టర్లలో ఈనాం ఎవరికి, ఎందుకు, ఎవరిచ్చారో ఉంటుంది. పూజారులు, కరణాలు, వైద్యులు, గ్రామ నౌకర్ల కుటుంబాలకు ఇది బంగారు గని. కాగితం మీద ఫసలీ, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరముంటే 590 కలపండి: ఫసలీ 1300 అంటే 1890-91. శాలివాహన శకమైతే 78 కలపాలి.

రిజిస్ట్రార్ ఆఫీసు సంగతి చాలామందికి తెలియదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇండెక్స్ 1 మనుషుల పేర్ల వరసలో, ఇండెక్స్ 2 ఆస్తుల వరసలో ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం 1నూ దాని ఇండెక్సులనూ రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, 57వ సెక్షను ఆ హక్కు ఇస్తుంది. వీలునామాలు అలా చూడనివ్వరు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ధ్రువపత్రం) 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందువాటికి ఆఫీసులో సెర్చ్ పెట్టాలి. ఏ ఊరు, ఏ సంవత్సరాల మధ్య అన్నది చెప్పాలి, ఐదేళ్లకు మించి ఒకేసారి అడగకండి. దస్తావేజు చేతికొచ్చాక అమ్మినవాడి పేరు దగ్గర ఆగిపోవద్దు. కాపురస్తుడి ఊరు, తండ్రి పేరు, సాక్షుల పేర్లు, ఆపైన చెక్కుబంది (పొలం నాలుగు హద్దులు) చదవండి. 'తూర్పు: ఫలానా వారి పొలం' అన్న ఒక్క ముక్కలో మీవాళ్లు బయటపడొచ్చు. అన్నదమ్ముల పొలాలు పక్కపక్కనే ఉంటాయి కదా.

పాత రాత చదవడం ఒక విద్య. కరణాలు గొలుసుకట్టు రాశారు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ర్క, ర్మ వంటి వాటికి వలపలగిలక వాడారు, అంటే అక్షరం తర్వాత రాసి దానికి ముందు 'ర్' అని పలికే గుర్తు. అది తెలియకపోతే పేరు మధ్యలో అక్షరం పోతుంది. బండి ఱ, అరసున్న కనిపిస్తే వదిలెయ్యకుండా ఉన్నదున్నట్టు ఎక్కించుకోండి, పేరుకు అసలు రూపం అవే చెప్పొచ్చు. ఒకే కరణం రాసిన పది పేజీలు తీసుకుని, మీకు ముందే తెలిసిన ఊరి పేర్లను అందులో గుర్తుపట్టండి. ఆ చేతిరాత పట్టుబడ్డాకే మీ పేరు వెతకండి. ముందే మీ పేరు కోసం చూస్తే లేనిచోట కూడా అదే కనిపిస్తుంది.

భూమి లేనివాళ్లు ఈ రిజిస్టర్లలో ఉండరు. తరతరాలు కూలి చేసుకుని బతికిన కుటుంబాలకు చరిత్ర లేదని కాదు, రాసినవాళ్లు వాళ్ల పేరు రాయలేదు, అంతే. ఇలాంటి కుటుంబాలకు బాప్తిస్మపు రిజిస్టర్లు పెద్ద ఆధారం. లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లో. 1878లో బాప్టిస్టు మిషనరీ క్లాఫ్ ఆధ్వర్యంలో ఒంగోలు ప్రాంతంలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పాత చర్చి సంఘాల రిజిస్టర్లలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు చూడండి. పాస్టరు గారి అనుమతితో అక్కడే చూసి రాసుకోవాలి, పుస్తకం ఇంటికి ఇమ్మని అడగొద్దు. ఆ తర్వాత పాత ఎలిమెంటరీ బడి అడ్మిషన్ రిజిస్టర్.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులున్నాయి. 1821లో ఆయన చనిపోయేనాటికే పోగుచేసిన గ్రామ చరిత్రలవి. గుంటూరు ప్రాంతపు ఊళ్లవి అచ్చయ్యాయి కూడా. వాటిలో కరణాల ఇంటిపేర్లు, మిరాశీదార్లు, గ్రామం కట్టినవాళ్ల పేర్లు ఉంటాయి. మామూలు రైతు ఇల్లు కనిపించడం అదృష్టం. విజయవాడలో 1911 నాటి రామమోహన గ్రంథాలయం, వేటపాలెంలో సారస్వత నికేతనం పాత పుస్తకాలకూ పత్రికలకూ మంచి చోట్లు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఎంతమంది ఉన్నారు?

జనాభా లెక్కల్లో ఇంటిపేరు లెక్క దొరకదు. సెన్సస్ శాఖ ఇంటిపేర్ల పట్టిక ప్రచురించదు, ఒక్కో మనిషి వివరాలు 1948 సెన్సస్ చట్టం ప్రకారం రహస్యం. ప్రపంచ ఇంటిపేర్ల వెబ్‌సైట్లలో వచ్చే అంకెను కూడా నమ్మకండి. అవి ఇంగ్లిష్ స్పెల్లింగును బట్టి లెక్కేస్తాయి. మనకు త ఒకచోట టీ, ఒకచోట టీ-హెచ్. ఊ ఒకచోట యూ, ఒకచోట డబుల్ ఓ. ఒక్క ఇంటిపేరు ఆరుగా చీలిపోతుంది. ఇనీషియల్ ఒక్కటే ఉన్నవాళ్లు అసలు లెక్కలోకే రారు.

మిగిలింది ఓటర్ల జాబితా. ముందుగా మీ ఇంటిపేరుకు సాధ్యమైన తెలుగు రూపాలన్నీ ఒక పేజీలో రాయండి: ఎ/యె/య, ఉ/వు, ఒ/వొ, ల/ళ, స/శ/ష, న/ణ, ర/ఱ, ఒత్తు ఉన్నదీ లేనిదీ. ఉప్పల, వుప్పల, ఎడ్ల, యెడ్ల, యడ్ల, ప్రత్తి, పత్తి, ప్రతి. సాధారణంగా ఎనిమిది పది రూపాలు తేలతాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో నియోజకవర్గం, పోలింగ్ భాగం వారీగా తెలుగు జాబితాలు దొరుకుతాయి. అవి బొమ్మలుగా ఉంటాయి కాబట్టి పేరు కొట్టి వెతకడం కుదరదు, కంటితో చదవాలి. పేజీకి 30 మంది. వెయ్యిమంది ఉన్న భాగాన్ని చదవడానికి అరగంట చాలు.

2022కు ముందు గుంటూరు జిల్లాలో 17, కృష్ణాలో 16 నియోజకవర్గాలు. ఈ 33నూ మొత్తం చదవడం ఒక్కరి వల్ల కాదు, అవసరమూ లేదు. చదివింపుల పుస్తకాలూ మైల ఊళ్లూ ఇచ్చిన పదిహేను ఇరవై ఊళ్లు చదవండి, తర్వాత వాటి చుట్టూ ఐదారు కిలోమీటర్ల లోపు ఊళ్లు. రెండు వరసల ఊళ్లలో పేరు కనిపించకపోతే ఆ దిక్కు ఆపెయ్యండి.

లెక్కపెట్టాల్సింది ఇళ్లను, మనుషుల్ని కాదు. ఒకే ఇంటి నంబరులో ఆరుగురు ఓటర్లుంటే అది ఒక ఇల్లు. పెళ్లయిన ఆడవాళ్లు కొందరు పుట్టింటి పేరుతో, ఎక్కువమంది అత్తింటి పేరుతో ఉంటారు. భర్త పేరు గడి చూస్తే తెలుస్తుంది. పుట్టింటి పేరుతో ఉన్నవాళ్లను వేరే గడిలో రాయండి, ఆ ఊరికి మీ ఆడపడుచు వెళ్లిందని అర్థం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు జాబితాలో ఉండరు కాబట్టి 'మొత్తం జనాభా ఇంత' అని అంచనా కట్టొద్దు. 'ఇన్ని ఊళ్లలో ఇన్ని ఇళ్లు, ఇంతమంది ఓటర్లు, ఫలానా ఏడాది జాబితా ప్రకారం' అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇళ్ల నంబర్లు, వయసులు అందరికీ పంచొద్దు, ఊరి మొత్తం చాలు.

ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1-బి (ఒక్కో పట్టాదారు భూముల జాబితా) కూడా పట్టాదారు పేరుతో చూడొచ్చు, ఒకసారికి ఒక్క ఊరే. ఓటర్లలో ఇంటిపేరు లేకున్నా 1-బిలో ఉంటే, పొలం ఉంచుకుని పట్నం వెళ్లిన కుటుంబమని తెలుస్తుంది. విజయవాడ, గుంటూరు పట్టణాల్లో ఉన్న ఇళ్లను మూలాల లెక్కలో కలపకండి, వాళ్ల పాత ఊరి ఖాతాలో రాయండి. లేకపోతే ప్రతి ఇంటిపేరుకూ మూలం బెజవాడే అయిపోతుంది.

ఇక్కడ అరుదైన పేరు ఇంకోచోట మామూలు కావొచ్చు. 1832-33 నందన కరువు గుంటూరు సీమను ఖాళీ చేసింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక మెట్ట ఊళ్ల నుంచి డెల్టాకు జనం దిగారు. 1931 నాటి నిజాంసాగర్ కింద బోధన్, వర్ని వైపు, తుంగభద్ర డ్యాం వచ్చాక సింధనూరు, గంగావతి వైపు కృష్ణా, గుంటూరు రైతులు వెళ్లి క్యాంపులు కట్టుకున్నారు. తమిళనాడులో శతాబ్దాల కింద స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇనీషియల్ తండ్రి పేరుది. ఇంటిపేరు కాగితం మీద ఉండదు, పెళ్లిమాటలప్పుడే బయటికొస్తుంది. అక్కడ ఓటర్ల జాబితా పనికిరాదు, మనుషుల్ని అడగాల్సిందే.

లెక్క తప్పే చోట్లు

దత్తత వెళ్లినవాడి ఇంటిపేరు, గోత్రం రెండూ మారతాయి. ఇల్లరికం వెళ్లిన అల్లుడి పేరు మారదు, కానీ కొన్ని ఇళ్లలో పిల్లలకు తాత ఇంటిపేరు పెట్టారు. ఉన్నట్టుండి ఒక ఊళ్లో ఒక్క ఇల్లే కనిపిస్తే ముందు ఈ రెండూ అడగండి. ఇంకొకటి, బడిలో పంతులు తప్పు రాసిన ఇంటిపేరు సర్టిఫికెట్లలో స్థిరపడిపోవడం. అన్నదమ్ముల పిల్లలకే రెండు పేర్లు ఉంటాయి. అరుదైన ఇంటిపేరు అనుకున్నది ఒక్కోసారి పక్కింటి మామూలు పేరుకు పొరపాటు రూపం. ముత్తాత దస్తావేజులో ఏ రూపం ఉందో చూడకుండా అరుదని నిర్ణయించవద్దు.

శబ్దాన్ని బట్టి అర్థం లాగడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పేరులో 'పులి' వినిపిస్తే పులిని చంపిన తాత కథ తయారవుతుంది. పులిపాడు అనే ఊరేదైనా ఉందేమో ముందు చూడాలి.

నోటుపుస్తకంలో ప్రతి వరసకూ ఐదు గళ్లుండాలి: ఊరు, సంవత్సరం, పేరు రాసి ఉన్న తీరు అక్షరం మారకుండా, ఎక్కడ చూశారో పుస్తకం పేజీ నంబరుతో, ఇళ్ల సంఖ్య. చెప్పగా విన్నదాన్ని వేరే సిరాతో రాయండి. ఒకే ఊరికి రెండు ఆధారాలు తగువులాడితే సంఘటనకు దగ్గర కాలంలో రాసిన కాగితాన్నే పట్టుకోండి. అన్ని వరసలనూ సంవత్సరం ప్రకారం పేర్చాక, మొదట కనిపించిన ఊరి పక్కన గోత్రం, ఇలవేల్పు రాయండి. తర్వాత ఆ ఇలవేల్పు గుడికి వెళ్లి ధ్వజస్తంభం మీద, చలువరాతి ఫలకాల మీద దాతల పేర్లు చదవండి. పాత రాతి ఫలకంపై అక్షరం అరిగిపోతే ఎండ వాలిన సాయంత్రం పక్కనుంచి వెలుతురు పడేప్పుడు ఫొటో తీయాలి, నీడలో అక్షరం లేస్తుంది. సుద్ద పూయకండి, నూనె రాయకండి, రాయి పాడవుతుంది.